ముందు హబ్బు, తర్వాత చక్రం, ఆఖర్న టైరు

(పర్లాకిమిడిలో రైతులు, ట్రాక్టరు డ్రైవర్లు, ఐటీఐ విద్యార్థులు కూడిన సమావేశంలో ఒక ట్రాలీ షెడ్డు మేస్త్రి చేసిన ప్రసంగం. రికార్డు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. పెద్దలు కాస్త ముందు వరసలోకి రండి. ఈ బల్ల మీద పెట్టిన సామాను దగ్గరగా చూస్తేనే నేను చెప్పేది తలకెక్కుతుంది. పిల్లలూ, మీరు నిలబడినా పరవాలేదు.

ముప్పయ్యేళ్లుగా ఈ ఊళ్లో ట్రాలీలు కడుతున్నాను. మన పెద్దవాళ్లు తొట్టి అంటారు, కుర్రాళ్లు ట్రాలీ అంటారు, కాగితాల్లో ట్రైలర్ అని ఉంటుంది. నేను మాట్లాడేది షెడ్డు భాష. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది, వాడుక మాట మాట్లాడడానికి ఇక్కడ ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. కనక చక్రం మధ్యలో బేరింగులు పెట్టుకుని ఇరుసు మీద తిరిగే ముద్దని హబ్బనే అంటాను, ఆ హబ్బుకి బోల్టులతో బిగించే చక్రం రేకుని డిస్కనే అంటాను.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది టైర్లు ముందే కొనేసి వస్తారు. "బాబాయ్, పాత సామాన్ల దగ్గర రెండు టైర్లు చవగ్గా దొరికాయి, వీటికి సరిపడా తొట్టి కట్టెయ్" అంటారు. అది పాదం చూసుకోకుండా చెప్పులు కొనడం. టైరు కంటికి కనబడుతుంది, దాని అరుగుదల కనబడుతుంది, బేరమాడొచ్చు. హబ్బు లోపలున్నది ఎవరికీ కనబడదు. బరువంతా మోసేది మాత్రం అదే. అందుకని ఇవాళ వరస తిరగేసి చెబుతాను. ముందు ఏం బరువు, ఏ దారి. దాన్నిబట్టి ఇరుసూ హబ్బూ. హబ్బుకి తగిన చక్రం. టైరు ఆఖర్న.

మన తాతల నాటుబండి గుర్తు తెచ్చుకోండి. మనిషి గుండెల దాకా వచ్చే చక్రం, చుట్టూ ఇనప పట్టా, మధ్యలో ఇరుసు, చివర చక్రం ఊడిపోకుండా కడసీల. బేరింగు లేదు. ఆముదంలో మసి కలిపి కందెన వేసేవారు. కందెన ఎండిపోతే బండి కిర్రుమనేది, ఆ చప్పుడు ఊరవతలికి వినిపించేది. ఎద్దులు నడిచేది మనిషి నడిచినట్టే కదా, గంటకి మూడు నాలుగు కిలోమీటర్లు. బండి అరిచాక ఆపి చూసుకోవడానికి టైము ఉండేది. ట్రాక్టరు వెనక 25 కిలోమీటర్లు, జీపు వెనక 50 కిలోమీటర్ల వేగంతో తిరిగే బేరింగు అలాగ ముందుగా చెప్పదు. ఇంజను మోతలో దాని మూలుగు డ్రైవరుకి వినబడదు. వినబడే సరికి పని అయిపోయి ఉంటుంది.

ముందు బరువు సంగతి. ఇది నోటిమాటగా కాకుండా కాగితం మీద వెయ్యాలి. మినీ ట్రాక్టరుకి ఒక టన్ను తొట్టి అనుకుందాం. ధాన్యం 50 కిలోల బస్తాలు 20, అంటే 1,000 కిలోలు. తొట్టి సొంత బరువు 350 కిలోలు వేసుకుందాం. మొత్తం 1,350. ఇందులో సుమారు పదో వంతు ముందు కొక్కెం మీద, అంటే ట్రాక్టరు మీద పడాలి. ఇరుసుని నడిమధ్యన కాకుండా కాస్త వెనక్కి వేసేది అందుకే. మరీ వెనక భారమైతే కొక్కెం పైకి లేస్తుంది, తొట్టి పాములాగా ఊగుతుంది. ఆ 135 తీసేస్తే రెండు చక్రాల మీద 1,215. ఒక్కో చక్రానికి సుమారు 608 కిలోలు.

ఇక్కడితో ఆగిపోకండి. తూకం ఎప్పుడైనా రెండు వైపులా సమానంగా పడిందా? కల్లం గట్టు దాటేటప్పుడు ఒక చక్రం పైన, ఒకటి కింద. గెడ్డలో, అంటే వాగులో దిగితే వాలు వైపు చక్రం మీదే సగానికి మించి పడుతుంది. బస్తాలు ఎత్తేవాళ్లు ఏ వైపు నిలబడితే ఆ వైపే గుట్ట పెరుగుతుంది. అందుకని నేను పావు వంతు కలుపుతాను. 608కి పావు కలిపితే 760 కిలోలు. ఈ తొట్టికి ఒక్కో చక్రం, ఒక్కో హబ్బు, ఒక్కో టైరు 760 కిలోలు మొయ్యాలి. ఈ అంకె మీ కాగితం మీద రాసుకుని షాపుకి వెళ్లండి. "టన్ను తొట్టికి టైరివ్వు" అని అడిగితే షాపువాడు తన దగ్గర ఉన్నది ఇస్తాడు.

ఇప్పుడు ఇటు చూడండి. ఇది హబ్బు. పోయిన వానాకాలం ఒక తొట్టి నుంచి విప్పింది, కడగకుండా అలాగే ఉంచాను. మూత తియ్యి తమ్ముడూ. ఈ గ్రీజు రంగు చూడండి. మంచి గ్రీజు తేనెలాగో ఎర్రగానో ఉంటుంది. ఇది చిలికిన మజ్జిగలాగా తెల్లగా ఉంది. అంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. ఎలా వెళ్లాయంటే, బరువుతో పది కిలోమీటర్లు వచ్చిన హబ్బు వేడిగా ఉంటుంది, లోపల గాలి వ్యాకోచించి ఉంటుంది. మనం తిన్నగా గెడ్డలో దింపుతాం. చల్లటి నీళ్లలో హబ్బు ఒక్కసారి చల్లబడుతుంది, లోపలి గాలి కుంచించుకుంటుంది, చుట్టూ ఉన్న నీళ్లని పీల్చుకుంటుంది. హబ్బు మూతి దగ్గర ఉండే రబ్బరు కడియం, అదే సీలు, కొత్తదైతే ఆపుతుంది. పెదవి అరిగిన సీలు ఆపలేదు. మన మహేంద్రతనయ రేవుల్లో, కాశీనగరం వైపు వంశధార ఇసకలో తిరిగే తొట్టి ప్రతిదానికీ ఇదే జబ్బు. నీళ్లలో దింపే ముందు ఐదు, పది నిమిషాలు గట్టు మీద ఆపండి. హబ్బు చల్లారాక దింపండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు బేరింగు కప్పు, అంటే రోలర్లు దొర్లే బయటి కడియం. ఇదిగో, లోపలి గోడ మీద వరసగా గీతలు కనబడుతున్నాయా? వేలితో తడమండి అమ్మా, తగులుతాయి. ఒక్కో గీతకీ మధ్య దూరం, రోలరుకీ రోలరుకీ మధ్య ఉన్న దూరం ఒకటే. తడి చేరాక తొట్టి నెలల తరబడి కదలకుండా నిలబడితే, ప్రతి రోలరు తాను ఆనిన చోట తుప్పు గీత గీస్తుంది. కోతలు అయ్యాక తొట్టి చింతచెట్టు కింద పెట్టి మళ్లీ పంట దాకా ముట్టుకోం కదా, అప్పుడు గీసిన గీతలు ఇవి. మళ్లీ తిరగడం మొదలెట్టగానే ఆ గీతల దగ్గర పెచ్చులు లేస్తాయి. ఆ పెచ్చు గ్రీజులో కలిసి మిగతా బేరింగుని కూడా తినేస్తుంది. అందుకని తొట్టి ఊరికే ఉన్నప్పుడు కూడా నెలకోసారి జాకీ వేసి చక్రం నాలుగు చుట్లు తిప్పండి.

ఇంకొకటి. ఈ నట్టుకి ఉండాల్సిన స్ప్లిట్ పిన్ను చోట ఏముందో చూడండి. వంచిన మేకు. నాటుబండిలో కడసీల ఏ పని చేసేదో ఇక్కడ ఈ పిన్ను అదే పని చేస్తుంది. కడసీల లేని బండిని మన తాత గడప దాటనిచ్చేవాడు కాదు. పిన్ను ధర ఎంత? టీ డబ్బులు. విప్పిన ప్రతిసారీ కొత్తది వెయ్యండి.

హబ్బు ఎంచుకునేటప్పుడు ఏం చూడాలంటే, రెండు టేపర్ రోలర్ బేరింగులు, అంటే ఏటవాలు రోలర్లున్న బేరింగులు, ఉన్నది తీసుకోండి. లోపలిది పెద్దది, బయటిది చిన్నది. బేరింగు మీద నంబరు ఉంటుంది. ఆఖరి రెండు అంకెల్ని 5తో హెచ్చవేస్తే లోపలి కన్నం ఎన్ని మిల్లీమీటర్లో తెలుస్తుంది. 30206 అంటే 6 ఐదులు 30. 30208 అంటే 40. షాపులో బేరింగు చేతికివ్వగానే మీరే చూసుకోవచ్చు. అర టన్ను జీపు ట్రైలరుకి నేను లోపల 30, బయట 25 వేస్తాను. టన్ను తొట్టికి లోపల 40, బయట 30. ఇది నా అలవాటు.

ఐటీఐ పిల్లలు అడుగుతారు, పుస్తకంలో చూస్తే 30 మిల్లీమీటర్ల బేరింగే టన్నులకి టన్నులు మోస్తుందని ఉంటుంది కదా అని. నిజమే, బేరింగు మోస్తుంది. విరిగేది బేరింగు కాదు, అది కూర్చున్న ఇరుసు ముక్కు. లోపలి బేరింగు ఆనుకునే మెట్టు దగ్గర, సన్నబడే మలుపులో చీలిక పుడుతుంది. పెద్ద బేరింగు వేస్తే ఆ చోట ఇరుసు లావుగా ఉంటుంది. నేను పెద్ద బేరింగు ఎంచుకునేది ఇరుసు కోసం. లేతు మీద ఆ మూలని కత్తి అంచులాగా కొయ్యనివ్వకండి. చిన్న గుండ్రం ఉంచమని లేతు మేస్త్రికి పక్కన నిలబడి చెప్పండి.

ఇదంతా ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు చెబుతాను.

షెడ్డు పెట్టిన మూడో ఏడు. గుమ్మ వైపు కొండ ఊరి నుంచి ఒక రైతు వచ్చాడు. ట్రాక్టరు వెనక చక్రాల వెడల్పుకి తొట్టి చక్రాల వెడల్పు సరిపోవడం లేదు, దారిలో పడిన గాడిలో ఒక చక్రం దిగుతోంది, ఒకటి ఎక్కుతోంది అన్నాడు. అతను అడిగింది న్యాయమే. మన నౌపడా చిన్న రైలు 1900 నుంచి రెండున్నర అడుగుల వెడల్పు పట్టా మీద నడిచింది, దాని చక్రం ఆ కొలతకే కట్టారు. మట్టిదారికీ ఒక పట్టా ఉంటుంది, ట్రాక్టరు వేసినది. దానికి తొట్టి సరిపోవాలి. సరైన పని, ఇరుసు పొడుగు చెయ్యడం. అతని దగ్గర డబ్బులు తక్కువ, నా దగ్గర ఓపిక తక్కువ. డిస్కులు రెండూ తిరగేసి బిగించాను. లోపలి గుంట బయటికి వచ్చింది, టైర్లు రెండు వైపులా బయటికి జరిగాయి, వెడల్పు కుదిరింది. అరగంటలో పని అయిపోయింది. అతను సంతోషంగా వెళ్లాడు.

రెండు నెలలకి జీడిపిక్కల బస్తాలతో ఘాటీ దిగుతుంటే ఎడమ చక్రం ఇరుసు ముక్కుతో సహా ఊడిపోయింది. తొట్టి పక్కకి ఒరిగింది. బస్తాల మీద కూర్చున్న అతని కొడుకు కిందపడ్డాడు. పన్నెండేళ్ల పిల్లాడు. తొడ ఎముక విరిగింది. బతికాడు, ఇప్పుడు పెళ్లాం పిల్లలతో బాగున్నాడు, కానీ ఆ కాలు కొంచెం ఈడుస్తాడు. సంతలో కనబడినప్పుడల్లా నన్ను "మావా" అని పిలుస్తాడు. నా కన్ను మాత్రం అతని కాలి మీదే ఉంటుంది. తప్పు నాది. నేను చేసిన పని అది.

ఎందుకు విరిగిందో అప్పుడు నాకు తెలీదు, తర్వాత తెలుసుకున్నాను. గెడకి బుట్ట తగిలించి ఇద్దరు మోస్తున్నారనుకోండి. బుట్ట ఇద్దరి మధ్యన ఉంటే ఇద్దరూ పంచుకుంటారు. బలమైనవాడి వైపు కాస్త జరిగితే అతను ఎక్కువ మోస్తాడు, మంచిదే. హబ్బులో ఆ ఇద్దరూ రెండు బేరింగులు, బుట్ట టైరు నడిమి గీత. ఆ గీత రెండు బేరింగుల మధ్యన, పెద్ద బేరింగుకి దగ్గరగా పడేటట్టు డిస్కు గుంట తీస్తారు. మనం డిస్కు తిరగేస్తే బుట్ట ముందువాణ్ణి దాటి గెడ చివరకి పోయినట్టు. అప్పుడు ముందువాడి భుజం మీద బుట్ట బరువుకి మించి పడుతుంది, వెనకవాడు గెడ పైకి లేవకుండా కిందకి లాగి పట్టుకోవాలి. ముందున్నవాడు చిన్న బేరింగు. ఇరుసు ముక్కు ప్రతి గుంటలో వంగి లేస్తుంది. ఇనప తీగని అటూ ఇటూ వంచితే తెగినట్టే తెగుతుంది. డిస్కుకీ హబ్బుకీ మధ్య లావుపాటి పళ్లాలు వేసి వెడల్పు చేసినా ఇదే జబ్బు.

చక్రం సంగతికి వచ్చేశాం. చక్రం కొనేటప్పుడు బోల్టు కన్నాల వలయం కొలవాలి. నాలుగు కన్నాలు, ఆరు కన్నాలు ఉంటే సులువు, ఎదురెదురు కన్నాల మధ్యనుంచి మధ్యకి కొలవడమే. ఐదు కన్నాలకి ఎదురు కన్నం ఉండదు కదా. పక్కపక్క కన్నాల మధ్య దూరం కొలిచి 1.7తో హెచ్చవెయ్యండి. సుమారు 82 మిల్లీమీటర్లు వచ్చిందంటే వలయం 139.7, అది మహీంద్రా జీపు, బొలేరో కొలత. మారుతి 800 నాలుగు కన్నాలు, 114.3. రెండు మూడు మిల్లీమీటర్ల తేడాని బలవంతంగా బిగిస్తే బిగుస్తుంది, అదే ప్రమాదం. బోల్టులు ఏటవాలుగా సాగుతాయి, చక్రం వంకరగా ఊగుతుంది, నట్లు వాటంతటవే వదులవుతాయి.

నట్టు మొహం కూడా చూడండి. కోను మొహం నట్టుకి కోను కన్నమే ఉండాలి. చదును కన్నానికి కోను నట్టు వేస్తే ఆనేది సన్నటి అంచు మీద. ఎదురెదురుగా మార్చి మార్చి బిగించండి, ఒక పక్క నుంచి గుండ్రంగా కాదు. కొత్త చక్రం వేశాక 50 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ పానా వెయ్యండి. రంగు పొర అణుగుతుంది, నట్టు కాస్త వదులవుతుంది. మధ్యలో రంగు మందంగా పట్టిన చక్రమైతే బిగించే చోట గీకేసి బిగించండి.

నా మాట విని ఒక పని చెయ్యండి. తొట్టిని లాగే బండికి ఏ చక్రం ఉందో, వీలుంటే తొట్టికీ అదే చక్రం వెయ్యండి. జీపుకి 6.00-16, అంటే 6 అంగుళాల వెడల్పు టైరు, 16 అంగుళాల చక్రం ఉంటే ట్రైలరుకీ 6.00-16, అదే ఐదు కన్నాలు. అప్పుడు స్టెప్నీ ఒకటే చాలు. రాయగడ దారిలో రాత్రి తొమ్మిదింటికి పంక్చరైతే మీకు ఎవరు దొరుకుతారు? బేరింగు కూడా అంతే. పాతపట్నంలో, పర్లాకిమిడిలో అడగ్గానే ఇచ్చే నంబరే వెయ్యండి. ఎంత గొప్ప హబ్బయినా దాని బేరింగుకి విశాఖపట్నం వెళ్లాల్సొస్తే అది మనకి పనికొచ్చే హబ్బు కాదు.

చక్రం పెద్దదా చిన్నదా అంటే, నా ఓటు పెద్దదానికే. ఆటో టైరు 4.00-8 ఒక చుట్టుకి సుమారు 1.3 మీటర్లు పోతుంది, కిలోమీటరుకి 770 చుట్లు. 6.00-16 ఒక చుట్టుకి సుమారు 2.3 మీటర్లు, కిలోమీటరుకి 440 చుట్లు చాలు. బేరింగు తిరగడం తక్కువ, టైరు వేడెక్కడం తక్కువ. చిన్న చక్రం పడిపోయే గుంట మీంచి పెద్ద చక్రం దాటేస్తుంది. తొట్టి ఎత్తు పెరిగి బస్తాలు ఎక్కించడం కష్టమవుతుంది, అది ఒప్పుకుంటాను. ఊళ్లో తారు రోడ్డు మీద కూరగాయలు తిప్పుకునే బండికి చిన్న చక్రం చాలు. పొలానికీ కొండకీ వద్దు.

ఇక పెద్ద తొట్టెలకి వచ్చే లాక్ రింగు చక్రాలు, అంటే టైరుని పట్టి ఉంచడానికి విడి ఇనప రింగు ఉండేవి. పంక్చరు షాపు కుర్రాళ్లు ఉన్నారా? మీకే చెబుతున్నాను. ఆ ఇనప రింగు గాడిలో సరిగ్గా కూర్చోకుండా గాలి కొడితే అది తుపాకి గుండులాగా లేస్తుంది. తలకి తగిలితే మనిషి మిగలడు. విప్పే ముందు గాలి పూర్తిగా తీసెయ్యండి, వాల్వు పుల్ల బయటికి లాగెయ్యండి. ఎక్కించేటప్పుడు ఇనప పంజరంలో పెట్టి, లేకపోతే గొలుసు చుట్టి, పొడుగు పైపుతో దూరంగా నిలబడి గాలి కొట్టండి. రింగు ఎదురుగా మొహం పెట్టకండి. ఇంకో మాట వెల్డింగు చేసేవాళ్లకి. టైరు ఎక్కి ఉన్న డిస్కుకి వెల్డింగు పెట్టకండి. గాలి తీసేశాం కదా అనుకోవద్దు. లోపల రబ్బరు వేడికి ఆవిరి పుట్టి పేలుతుంది. టైరు పూర్తిగా విప్పి పక్కన పెట్టాకే రాడ్డు పట్టుకోండి. నిజానికి చీలిన డిస్కుకి అతుకు వెయ్యడమే నాకు ఇష్టం లేదు.

టైరు. దాని పక్క గోడ మీద అంతా రాసే ఉంటుంది, చదవాలి అంతే. 145 ఆర్ 12 అంటే 145 మిల్లీమీటర్ల వెడల్పు, రేడియల్ (లోపలి దారాలు అంచు నుంచి అంచుకి తిన్నగా పరిచిన రకం), 12 అంగుళాల చక్రం. పక్కన బరువు అంకె ఉంటుంది. 76 అంటే 400 కిలోలు, 80 అంటే 450, 88 అంటే 560, 100 అంటే 800. దాని వెనక అక్షరం వేగం. ఇందాక మన టన్ను తొట్టికి 760 వచ్చింది కదా, దానికి 99 కావాలి, అది 775. చిన్న కారు నుంచి తీసిన టైరు మీద ఆ అంకె వెతికినా దొరకదు. నేనయితే 7.00-16 లారీ రకం వైపు చూస్తాను, గోడ మీద బరువు చదివాకే డబ్బులిస్తాను. జీపు వెనక అర టన్ను ట్రైలరుకి లెక్క వేరు. సొంత బరువు 200, సరుకు 500, కొక్కెం మీద 70 పోతే 630, ఒక్కో చక్రానికి 315, పావు కలిపితే సుమారు 395. దానికి టాటా ఏస్ బండికి వేసే 145 ఆర్ 12, 8 ప్లై టైరు హాయిగా చాలు.

ప్లై అంకె, అంటే లోపలి పొరల బలం చెప్పే అంకె, ఎక్కువైతే బలం ఎక్కువ, నిజమే. కానీ ఆ బలం గాలి ఉంటేనే. గోడ మీద ఎంత బరువుకి ఎంత గాలో రాసి ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే కొలవాలి. బొటనవేలితో నొక్కి చూడడం కొలత కాదు. గాలి తక్కువున్న టైరు గోడ ప్రతి చుట్టుకీ నలుగుతుంది, నలిగి వేడెక్కుతుంది, వేడికి లోపలి పొరలు విడిపోతాయి. ఎండాకాలం మధ్యాహ్నం తారు రోడ్డు మీద పేలే టైర్లలో గాలి ఎక్కువై పేలేవి తక్కువ.

తొట్టి టైరు అరిగి చావదు, ముసలిదై చస్తుంది. ఏడాదిలో ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది? నేలకి ఆనే రబ్బరు బొత్తాములు కొత్తగానే ఉంటాయి, గోడ మాత్రం ఎండకి పగుళ్లు తేలి ఉంటుంది. గోడ మీద నాలుగు అంకెలు వెతకండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. పాత టైరు కొనేటప్పుడు బొత్తాముల లోతు చూసే ముందు ఈ నాలుగంకెలు చూడండి. గోడ వంచి చూడండి, పగుల్లో దారం కనబడితే ఎంత చవకైనా వదిలెయ్యండి. తొట్టి నిలబెట్టినప్పుడు ఇరుసు కింద దిమ్మలు పెట్టి టైర్లు నేలకి తగలకుండా చెయ్యండి, గోనె కప్పండి.

ఒకే ఇరుసుకి ఒక పక్క నైలాన్, అంటే దారాలు ఏటవాలుగా పరిచిన రకం, ఒక పక్క రేడియల్ వెయ్యకండి, తొట్టి ఒక పక్కకి లాగుతుంది. కొండ దారికి, రాళ్లకి నైలాన్ నయం, దాని గోడ గట్టిది. ఎక్కువ తారు రోడ్డు, ఎక్కువ వేగం అయితే రేడియల్.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పు తమ్ముడూ.

— రీసోలు టైరు, అదే పాత టైరుకి పైన కొత్త రబ్బరు అంటించింది, వెయ్యొచ్చా బాబాయ్?

ట్రాక్టరు వెనక, 20, 25 వేగానికి మించకపోతే వెయ్యొచ్చు. కానీ రీసోలు బాగుందా లేదా అనేది పైన అంటించిన రబ్బరుని బట్టి చెప్పలేం, కింద ఉన్న పాత టైరుని బట్టి చెప్పాలి. గోడలో ఉబ్బు ఉన్నా, లోపల అతుకులు ఉన్నా వద్దు. జీపు వెనక అయితే అసలు వద్దు.

— బేరింగు బిగింపు ఎంత ఉండాలండీ? మా సారు ఒకలా చెప్పారు, షాపులో ఇంకోలా చేస్తున్నారు.

మంచి ప్రశ్న. రా, నువ్వే బిగించు. చక్రం తిప్పుతూ నట్టు బిగించు, చక్రం బరువుగా తిరిగేదాకా. ఆఁ, అప్పుడు బేరింగులు తమ చోట కూర్చున్నట్టు. ఇప్పుడు నట్టు వదులు చెయ్యి. పానా పక్కన పెట్టి వేళ్లతోనే మళ్లీ బిగించు. పిన్ను కన్నానికి గాడి కలిసేదాకా కొంచెం వెనక్కి తిప్పు, ముందుకి కాదు. పిన్ను వెయ్యి. ఇప్పుడు టైరుని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపు. తగిలీ తగలనట్టు కదలాలి. టకటకమంటే వదులు ఎక్కువ. అసలు కదలకపోతే వేడెక్కాక బిగుసుకుపోతుంది. గ్రీజు కూడా హబ్బు నిండా కూరకండి. అరచేతిలో గ్రీజు వేసుకుని బేరింగు అంచుని దానికేసి కొడుతూ పోతే రోలర్ల సందుల్లోంచి అవతలికి రావాలి. హబ్బు లోపలి గదిలో సగానికి మించి వద్దు, ఎక్కువైతే చిలికి చిలికి వేడెక్కి సీలుని తోసేస్తుంది. దారిలో పది కిలోమీటర్లు పోయాక ఆపి, చేతి వెనక పక్కతో రెండు హబ్బులూ ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే సరే. ఒకటి చల్లగా, ఒకటి చురుక్కుమంటే ఆ చురుక్కుమన్నదాన్ని అక్కడే విప్పండి.

అక్కడ వెనక అమ్మ లేచారు. చెప్పండమ్మా.

— మా అబ్బాయి తొట్టికి చక్రాలు తిరగేసే ఉన్నాయి బాబూ. నువ్వు చెప్తుంటే నాకు కాళ్లు వణికిపోతున్నాయి. ఆడు రేపు మొక్కజొన్న ఏసుకుని సెరంగో నుంచి దిగుతానన్నాడు. ఇప్పుడు ఏటి చెయ్యాల?

ఇప్పుడే ఫోన్ చెయ్యండమ్మా. రేపు దాని మీద బరువు వెయ్యొద్దని చెప్పండి. మొక్కజొన్న రెండు రోజులు ఆగుతుంది, లేకపోతే వేరే బండి మాట్లాడుకోమనండి. ఖాళీ తొట్టి మెల్లగా నా షెడ్డుకి తీసుకురమ్మనండి. దాని మీద మనుషులు ఎవరూ ఎక్కకూడదు. రాగానే చక్రాలు విప్పి, ఇరుసు ముక్కుని కిరోసిన్‌తో కడిగి, తుడిచి, సున్నం పూసి చూస్తాం. చీలిక ఉంటే సున్నం మీద సన్నటి నల్ల గీత లేస్తుంది. గీత ఉంటే ఆ ముక్కు పనికిరాదు, కొత్తది వెయ్యాలి. లేకపోయినా ఇరుసు కోసి పొడుగు చేసి, చక్రాలు సరైన వైపు పెట్టి బిగిస్తాను. ఇనుము, బేరింగులు, సీళ్ల ఖర్చు మీది. నా కూలి వద్దు.